గ్యారేజ్ తలుపు ప్యానెల్ దెబ్బతిందా? మార్చడానికి అయ్యే ఖర్చు లెక్క వేసుకునే పద్ధతి

కారు వెనక్కి తీస్తుంటే దబ్బుమని శబ్దం వచ్చింది. దిగి చూస్తే గ్యారేజ్ తలుపు మీద కింద నుంచి రెండో ప్యానెల్ లోపలికి నొక్కుకుపోయి ఉంది. వెంటనే ముగ్గురు మెకానిక్‌లకు ఫోన్ చేసి ఒకే మాట అడిగాను: "ప్యానెల్ మార్చడానికి ఎంతవుతుంది?" ముగ్గురూ మూడు అంకెలు చెప్పారు. తక్కువ చెప్పిన ఆయనకీ ఎక్కువ చెప్పిన ఆయనకీ మధ్య రెండింతలకు పైగా తేడా. మోసం చేస్తున్నారేమో అనిపించింది. తర్వాత కూర్చుని వివరాలు అడిగితే అసలు సంగతి తెలిసింది. ఒకాయన చెప్పింది ప్యానెల్ ధర ఒక్కటే. ఇంకొకాయన అందులో రవాణా, బిగింపు కలిపారు. మూడో ఆయన స్ప్రింగులు, రంగు కూడా లెక్కలో వేశారు. ముగ్గురూ నిజమే చెప్పారు. కాకపోతే మూడు వేరు వేరు పనులకు చెప్పారు.

అందుకే ఈ విషయంలో "ఎంత?" అని అడిగే ముందు "ఏ పనికి?" అన్నది మనకు తెలిసి ఉండాలి. అది తెలుసుకునే దారే ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఇది అడ్డంగా నాలుగైదు ప్యానెళ్లుగా విడిపోయి, పట్టాల మీద పైకి వెళ్లి కప్పు కింద పడుకునే తలుపుల గురించి. చుట్టుకునే షట్టర్లకు పట్టీలు విడిగా మారుస్తారు, ఒకే పలకగా లేచే తలుపులకు ప్యానెల్ అనేదే ఉండదు. వాటి లెక్క వేరు.

మొదటి అడుగు: రిమోట్ పక్కన పెట్టండి

దెబ్బ తగిలిన వెంటనే మనం చేసే పొరపాటు, తలుపు పనిచేస్తోందో లేదో చూద్దామని బటన్ నొక్కడం. ప్యానెల్ వంగితే దాని చివర ఉన్న రోలర్ పట్టాలో సరిగ్గా నిలవదు. మోటార్ లాగేసరికి రోలర్ బయటికి వస్తుంది, పట్టా వంగుతుంది, పక్క ప్యానెల్ కూడా మెలి తిరుగుతుంది. ఒక్క ప్యానెల్‌తో పోయే ఖర్చు రెండు ప్యానెళ్లు, ఒక పట్టా అవుతుంది. నగరంలో మెకానిక్ రావడానికి ఒకటి రెండు రోజులు పట్టినా సరే, అంతవరకు కారు బయట పెట్టుకోవడమే చవక.

తలుపు మూసి ఉంటే అలాగే ఉంచండి. సగం తెరుచుకుని ఆగిపోతే దాని కిందికి ఎవరినీ, ముఖ్యంగా పిల్లల్ని, వెళ్లనివ్వకండి. మోటార్ నుంచి వేలాడే ఎర్ర తాడు తలుపును మోటార్ నుంచి విడదీస్తుంది, దాన్ని ఆ స్థితిలో లాగకండి. తలుపు బరువును మోసే స్ప్రింగ్ తెగి ఉంటే ఆ తాడు లాగగానే తలుపు బరువంతా ఒక్కసారిగా కిందికి వస్తుంది. దూరం నుంచే చూడండి: పక్కల ఉన్న ఇనుప తీగ వదులై వేలాడుతోందా, తలుపు పైన కడ్డీకి చుట్టిన స్ప్రింగ్ మధ్యలో ఖాళీ కనిపిస్తోందా, పట్టా వంగిందా. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది ప్యానెల్‌తో ఆగే పని కాదు.

ఆ తర్వాత ఫొటోలు తీయండి. బయట నుంచి తలుపు మొత్తం కనిపించేలా ఒకటి, లోపలి నుంచి ఒకటి, దెబ్బ దగ్గరగా రెండు, స్ప్రింగులవి ఒకటి. ఇవి మెకానిక్‌కీ పనికొస్తాయి, ఇన్సూరెన్స్‌కీ పనికొస్తాయి.

రెండో అడుగు: సొట్టా, విరుపా తేల్చుకోండి

ప్రతి సొట్టకూ ప్యానెల్ మార్చనక్కర్లేదు. అరచేయంత సొట్ట ప్యానెల్ మధ్యలో ఉండి, తలుపు ఎప్పటిలాగే తిన్నగా ఉంటే అది కంటికి మాత్రమే ఇబ్బంది. కారు బాడీకి వాడే పుట్టీ పెట్టి, సానబట్టి, రంగు వేస్తే సరిపోతుంది. ఒంటి రేకు తలుపైతే వెనక నుంచి చెక్క అడ్డం పెట్టి మెల్లగా తట్టి చాలావరకు సరిచేయొచ్చు. రెండు రేకుల మధ్య ఫోమ్ అతికించి ఉన్న తలుపులో ఇది కుదరదు. వెనక నుంచి రేకు చేతికి అందదు. ముందు నుంచి లాగితే రేకు ఫోమ్‌ను వదిలేసి ఉబ్బుతుంది.

మార్చక తప్పని దెబ్బలు వేరేలా ఉంటాయి. ప్యానెల్ ఈ చివర నుంచి ఆ చివరకు మడత గీత పడితే దాని పట్టు పోయినట్టే. రెండు ప్యానెళ్లు కలిసే చోట, ఒకదాని అంచు ఇంకోదాని గాడిలో కూర్చునే భాగం నలిగినా, కీలు బిగించిన చోట రేకు చిరిగినా, రెండు చివర్లలో ఉండే నిలువు చట్రం వంగినా అంతే. ఒక చిన్న పరీక్ష చేయొచ్చు: ప్యానెల్ పొడవునా ఒక దారం బిగుతుగా పట్టుకుని చూడండి. దారానికీ ప్యానెల్‌కీ మధ్య సందు ఒకచోట పెద్దదై మళ్లీ తగ్గితే ప్యానెల్ వంగింది. పగటిపూట లోపల నిలబడి చూసినప్పుడు అతుకు దగ్గర వెలుతురు గీతలా కనిపించినా అర్థం అదే.

చెక్క తలుపైతే దెబ్బ కన్నా కుళ్లు ముఖ్యం. స్క్రూడ్రైవర్ మొనతో కింది అంచు గుచ్చి చూడండి. సులువుగా దిగిపోతే కుళ్లు ఇంకా పైకి పాకి ఉండొచ్చు. ఇనుప తలుపు కింది ప్యానెల్‌కు తుప్పూ అంతే. పైన రంగు పొక్కులా లేచిన చోట లోపల రేకు ఇంకా ఎక్కువ తినేసి ఉంటుంది.

మూడో అడుగు: ఏ వరుస ప్యానెల్?

ఫోన్‌లో చాలామంది చెప్పని వివరం ఇది. ఖర్చు మీద దీని ప్రభావం మాత్రం చాలా ఎక్కువ.

పై ప్యానెల్ విప్పడం తేలిక, దాని మీద ఇంకేమీ ఉండదు కాబట్టి. అయితే మోటార్ చేయి తగులుకునేది దానికే. అందుకే దాని వెనక అడ్డంగా బలానికి ఒక ఇనుప పట్టీ ఉంటుంది. పాత పట్టీ తిన్నగా ఉంటే కొత్త ప్యానెల్‌కు మార్చుకోవచ్చు. వంగితే దాని ధర అదనం.

మధ్య ప్యానెళ్లు చాలా తలుపుల్లో ఒకేలా ఉంటాయి, దొరకడం కూడా కాస్త సులువు. కానీ వాటిని తీయాలంటే పైనున్నవి విప్పాలి లేదా ఎత్తి ఆపాలి.

కింది ప్యానెల్ అన్నిటికన్నా ఖరీదైన పని. దాని అడుగున రబ్బరు సీలు, ఆ సీలు కూర్చునే పట్టీ ఉంటాయి. రెండు మూలల్లో ఇనుప బ్రాకెట్లు ఉంటాయి. తలుపును మోసే తీగలు వాటికే కట్టి ఉంటాయి. స్ప్రింగ్ బిగువంతా ఆ మూలల మీదే ఉంటుంది. బిగువు వదలకుండా ఆ బోల్టు విప్పితే బ్రాకెట్ తూటాలా ఎగిరి వస్తుంది. చాలా కంపెనీలు ఆ బోల్టులకు ఎర్ర రంగు వేసేది ఈ హెచ్చరిక కోసమే. కింది ప్యానెల్‌కు మెకానిక్ లేబర్ ఎక్కువ అడిగితే అది న్యాయమైన మాటే.

నాలుగో అడుగు: మీ తలుపు ఏదో తెలుసుకోండి

నా దృష్టిలో మొత్తం పనిలో ఎక్కువ డబ్బు మిగిల్చేది ఈ పది నిమిషాలే. ఒక కంపెనీ ప్యానెల్ ఇంకో కంపెనీ తలుపులో కూర్చోదు. అంచుల ఆకారం, మందం, కీళ్ల చోటు, అచ్చు డిజైన్ అన్నీ వేరుగా ఉంటాయి. అదే కంపెనీలో కూడా మోడల్ మారితే కుదరకపోవచ్చు. కాబట్టి మెకానిక్‌కు కావలసింది మీ తలుపు మోడల్ నంబరు.

లోపలి వైపు, ప్యానెళ్ల చివరి చట్రం మీద, రోలర్ల దగ్గర ఒక స్టిక్కర్ వెతకండి. మోడల్, సీరియల్ నంబరు, తయారైన తేదీ ఉంటాయి. ఫొటో తీసుకోండి. ఇల్లు కట్టినప్పటి బిల్లు, వారంటీ కాగితం దొరికితే ఇంకా మంచిది.

స్టిక్కర్ చెరిగిపోతే కొలతలే ఆధారం. తలుపు వెడల్పు, ఎత్తు, ప్యానెళ్ల సంఖ్య, ఒక్కో ప్యానెల్ ఎత్తు రాసుకోండి. 7 అడుగుల ఎత్తున్న తలుపులో తరచుగా 21 అంగుళాల ప్యానెళ్లు నాలుగు ఉంటాయి. 8 అడుగుల తలుపులో ఎత్తులు రెండు రకాలు కలిసి ఉండొచ్చు, అందుకే ప్రతి ప్యానెల్‌నూ విడిగా కొలవండి. ఒక కారు పట్టే గ్యారేజ్ తలుపు వెడల్పు మామూలుగా 8 లేదా 9 అడుగులు, రెండు కార్లదైతే మామూలుగా 16. మందాన్ని ప్యానెల్ పక్క అంచు దగ్గర కొలవాలి.

ఇనుప తలుపులో రేకు మందాన్ని గేజ్‌లో చెబుతారు. ఇక్కడ అంకె తగ్గేకొద్దీ రేకు మందం పెరుగుతుంది. 24 గేజ్ రేకు దాదాపు 0.6 మిల్లీమీటర్లు, 28 గేజ్ దాదాపు 0.4. తక్కువ ధర చెప్పినవారు 24 స్థానంలో 28 ఇస్తున్నారేమో అడగడం తప్పు కాదు. అలాగే మీది ఒంటి రేకా, రేకు వెనక ఫోమా, రెండు రేకుల మధ్య ఫోమా అన్నది చెప్పండి. మూడూ మూడు ధరలు, మూడు బరువులు.

బరువు ఎందుకంటే, పైన ఉన్న స్ప్రింగ్ తలుపు మొత్తం బరువుకు సరితూగేలా లెక్కవేసి పెట్టినది. నాలుగు ఒంటి రేకు ప్యానెళ్ల మధ్య ఒక బరువైన ప్యానెల్ పెడితే ఆ తూకం తప్పుతుంది. మోటార్ మీద భారం పడుతుంది, కొన్ని నెలల్లో దాని గేర్ అరిగే ప్రమాదం ఉంది. ప్యానెల్‌లో చవక చూసుకుని మోటార్ దగ్గర నష్టపోయినట్టవుతుంది.

మోడల్ తెలిశాక అడగాల్సిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు. "ఈ మోడల్ ఇంకా తయారవుతోందా?" అని అడగండి. పాత డిజైన్లను కంపెనీలు ఆపేస్తుంటాయి. తయారీ ఆగిపోతే మిగిలిన లెక్కలన్నీ అనవసరం, నేరుగా ఏడో అడుగుకు వెళ్లండి.

ఐదో అడుగు: ఖర్చును ముక్కలుగా విడగొట్టండి

ధరలు ఊరిని బట్టి, ఏడాదిని బట్టి మారతాయి. నిష్పత్తులు చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. అదే కొలతతో కొత్త తలుపు మొత్తం, బిగింపుతో సహా, 100 అనుకుందాం. ఇవి లెక్క చూపించడానికి నేను తీసుకున్న అంకెలు మాత్రమే. మీ కొటేషన్లలోని అంకెలు వీటి స్థానంలో పెట్టుకోండి.

ఒక మధ్య ప్యానెల్ పోయింది. ప్యానెల్ ధర 15. పొడవైన సరుకు కాబట్టి ప్యాకింగ్, రవాణా 8. లేబర్ 12. కొత్త కీళ్లు, రోలర్లు 3. రంగు 4. మెకానిక్ వచ్చి చూసిన చార్జీ 2. మొత్తం 44. ప్యానెల్ ధర 15 అని విన్నవాళ్లకు 44 బిల్లు చూడగానే గుండె ఝల్లుమంటుంది. కానీ అందులో దాచిందేమీ లేదు.

ఇప్పుడు రెండు ప్యానెళ్లు పోయాయనుకోండి. ప్యానెళ్లు 30. రవాణా 9, ఎందుకంటే రెండూ ఒకే పెట్టెలో వస్తాయి. లేబర్ 15, విప్పే పని ఎలాగూ ఒకసారే. కీళ్లు, రోలర్లు 5. రంగు 6. చార్జీ 2. మొత్తం 67. స్ప్రింగులు కూడా మార్చాల్సి వచ్చి మరో 12 కలిస్తే 79. ఆ స్థితిలో కొత్త తలుపు 100కు వస్తుంటే పాత తలుపు మీద 79 పెట్టడం నాకు సమంజసంగా అనిపించదు.

స్ప్రింగుల సంగతి కొంచెం చెప్పాలి. మామూలు స్ప్రింగ్ దాదాపు 10,000 సార్లు తెరిచి మూసేందుకు లెక్కవేసి తయారవుతుంది. రోజుకు నాలుగు సార్లు వాడితే 2,500 రోజులు, అంటే ఏడేళ్ల లోపే. మీ స్ప్రింగ్ ఆ వయసుకు దగ్గరగా ఉంటే ప్యానెల్ పనితోపాటే మార్పించేయండి. ఎలాగూ బిగువు వదులుతారు, లేబర్ రెండుసార్లు కట్టనక్కర్లేదు. ఏడాది కిందటే మార్చిన స్ప్రింగును మళ్లీ మార్చాలంటే మాత్రం కారణం అడగండి.

ఆరో అడుగు: నగరం వల్ల పడే అదనపు భారం

పల్లెటూళ్లో ఒక వ్యాను నేరుగా ఇంటి ముందు ఆగుతుంది. నగరంలో ప్యానెల్ పొడవే సమస్య. 16 అడుగుల ప్యానెల్ చిన్న వాహనంలో పట్టదు, ఇరుకు సందులో మలుపు తిరగదు. పగటిపూట పెద్ద వాహనాలను రానివ్వని రోడ్లుంటే సరుకు రాత్రి దించుకోవాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో గ్యారేజ్ ఉంటే పనివేళలపై ఆంక్షలు ఉంటాయి. పార్కింగ్ చార్జీ మెకానిక్ బిల్లులో చేరుతుంది. సందు వెడల్పు, మెట్లు, ర్యాంపు గురించి ముందే చెబితే ఆ రోజు "ఇంకో మనిషి కావాలి" అన్న కొత్త ఖర్చు రాదు.

కొన్ని సముదాయాల్లో ఇంటి ముందు భాగం రంగు, డిజైన్ అందరికీ ఒకేలా ఉండాలన్న నియమం ఉంటుంది. ఆర్డర్ ఇచ్చే ముందే సంఘాన్ని అడగండి. బలమైన గాలులు వీచే తీరప్రాంత నగరమైతే తలుపుకు గాలి ఒత్తిడి తట్టుకునే రేటింగ్ ఉండొచ్చు. కొత్త ప్యానెల్‌కు, దాని వెనక పట్టీకి అదే రేటింగ్ ఉండాలి. అక్కడ చవక ప్యానెల్ పెట్టడం మొత్తం తలుపునే బలహీనం చేస్తుంది.

ఏడో అడుగు: ప్యానెలా, తలుపా?

నేను పాటించే కొలబద్ద ఇది. అన్నీ కలిపిన ప్యానెల్ ఖర్చు కొత్త తలుపు ఖర్చులో సగం లోపు ఉండి, మిగిలిన ప్యానెళ్లు గట్టిగా ఉంటే ప్యానెలే మార్చండి. సగం దాటితే ఆలోచించండి. మూడొంతుల్లో రెండొంతులు దాటితే కొత్త తలుపే.

తలుపు వయసు ఈ లెక్కను మారుస్తుంది. ఐదేళ్ల తలుపుకు ఒక ప్యానెల్ మార్చడం మంచి పని. ఇరవై ఏళ్ల తలుపుకు ఈ ఏడాది ఒక ప్యానెల్, వచ్చే ఏడాది ఇంకొకటి అన్నట్టు సాగితే డబ్బుతోపాటు మనశ్శాంతి పోతుంది. తుప్పు, కుళ్లు ఒక ప్యానెల్‌లో బయటపడితే పక్కవాటిలోనూ మొదలై ఉండొచ్చు. ఢీకొట్టిన దెబ్బ అలా కాదు, అది మామూలుగా తగిలిన చోటే ఉంటుంది.

ఎనిమిదో అడుగు: కొటేషన్ రాతపూర్వకంగా

కనీసం ముగ్గురిని అడగండి. ముగ్గురికీ అవే ఫొటోలు, అదే మోడల్ నంబరు, అవే కొలతలు పంపండి. ఇలా చెబితే చాలు: "ఒక కారు పట్టే గ్యారేజ్ తలుపు, నాలుగు ప్యానెళ్లు, కింద నుంచి రెండోది పోయింది, రెండు రేకుల మధ్య ఫోమ్, పట్టా బాగానే ఉంది, స్ప్రింగ్ వయసు మూడేళ్లు." ఈ వాక్యం విన్న మెకానిక్ మీతో మాట్లాడే తీరే మారిపోతుంది.

కొటేషన్‌లో ప్యానెల్, రవాణా, లేబర్, విడిభాగాలు, రంగు, పాత ప్యానెల్ తీసుకెళ్లడం, పన్ను విడివిడిగా ఉండాలి. ప్యానెల్‌కు ఎంత వారంటీ, పనికి ఎంత అన్నది కూడా రాయించండి. వచ్చి చూసిన చార్జీ, పని ఇస్తే బిల్లులో తగ్గిస్తారా అని అడగండి, చాలామంది తగ్గిస్తారు. ప్యానెల్ దారిలో సొట్టపడి వస్తే ఎవరి బాధ్యత అన్నది మరవకండి. పెట్టె మీ ఇంటి ముందే విప్పించి చూశాకే సంతకం చేయండి.

ఇంకెవరి వాహనమో ఢీకొడితే వారి వాహన బీమా నుంచి రాబట్టుకునే వీలుంటుంది, ఆ వాహనం నంబరు ఫొటో అక్కడే తీయండి. మీ సొంత కారే అయితే ఇంటి బీమా పాలసీ చూడండి. మీ చేతి నుంచి కట్టాల్సిన మొదటి మొత్తం ఎంతో చూసుకోండి. మరమ్మతు ఖర్చు దానికి కాస్త మాత్రమే ఎక్కువైతే క్లెయిమ్ చేయకపోవడమే మేలు. తర్వాతి ప్రీమియం పెరగొచ్చు.

తొమ్మిదో అడుగు: పని జరిగే రోజు

లేబర్ మిగులుతుందని సొంతంగా దిగాలనిపిస్తుంది. పుట్టీ, రంగు, కింది రబ్బరు సీలు మార్చడం, కీళ్లకు నూనె మీరే చేసుకోవచ్చు. స్ప్రింగ్, తీగలు, కింది మూల బ్రాకెట్లు మాత్రం ముట్టుకోకండి. 7 అడుగుల తలుపు స్ప్రింగును సాధారణంగా ఏడున్నర చుట్లు బిగిస్తారు. ఆ శక్తి చేయి విరిచేంతది. ఈ మాట భయపెట్టడానికి అనడం లేదు, మీ చేతులు బాగుండాలనే అంటున్నాను.

మంచి మెకానిక్ ముందు మోటార్ కరెంటు తీసేస్తాడు, తలుపు కదలకుండా పట్టాకు క్లాంపు బిగిస్తాడు, స్ప్రింగ్ బిగువు రెండు కడ్డీలతో పావు చుట్టు చొప్పున వదులుతాడు. ఆ తర్వాతే కీళ్లు విప్పుతాడు. కీళ్ల మీద 1, 2, 3 అని అంకెలుంటాయి. పైకి వెళ్లేకొద్దీ అంకె పెరగాలి, అప్పుడే తలుపు చట్రానికి సరిగ్గా ఆనుకుంటుంది. తిరిగి బిగించేటప్పుడు అవి తారుమారు కాకుండా చూడండి. ఇద్దరు మనుషులకు ఇది మామూలుగా రెండు మూడు గంటల పని.

రంగు గురించి ముందే మనసు సిద్ధం చేసుకోండి. కంపెనీ రంగు అదే అయినా, ఎండకు వెలిసిన పాత ప్యానెళ్ల పక్కన కొత్తది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒక్క ప్యానెల్‌కు రంగు కలిపించి వేయడం కన్నా తలుపు మొత్తానికి ఒక పూత వేయడం మంచిది. శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, లోహానికి పనికొచ్చే ప్రైమర్ మీద రంగు వేయండి. ఫోమ్ ఉన్న తలుపుకు ముదురు రంగు వేయాలంటే కంపెనీ సూచన చూడండి. ముదురు రంగు ఎండ వేడిని పీల్చి ప్యానెల్‌ను విల్లులా వంచగలదు.

పదో అడుగు: డబ్బు ఇచ్చే ముందు

మెకానిక్ అక్కడ ఉండగానే, తలుపు పూర్తిగా మూసి ఉన్నప్పుడు, మోటార్‌ను విడదీయమనండి. చేత్తో తలుపును నడుము ఎత్తుకు లేపి మెల్లగా వదలమనండి. ఉన్నచోటే నిలిచిందంటే స్ప్రింగ్ తూకం సరిగ్గా ఉంది. కిందికి జారినా, పైకి లేచినా మళ్లీ సరిచేయాలి.

మోటార్ తగిలించాక తలుపు దారిలో నేల మీద సుమారు నాలుగు సెంటీమీటర్ల మందం ఉన్న చెక్క పడుకోబెట్టి మూయమనండి. చెక్కను తాకగానే తలుపు వెనక్కి లేవాలి. తర్వాత తలుపు దిగుతుండగా కింద పక్కనున్న సెన్సార్ల మధ్య చీపురు కర్ర అడ్డం పెట్టండి, అప్పుడూ వెనక్కి వెళ్లాలి. చివరగా లైట్లు ఆపి లోపల నిలబడి అతుకుల దగ్గర, కింది సీలు దగ్గర వెలుతురు వస్తోందేమో చూడండి. ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే బాకీ చెల్లించండి. కొత్త ప్యానెల్ స్టిక్కర్‌ను, స్ప్రింగ్ మార్పిస్తే ఆ తేదీని ఫొటో తీసి బిల్లుతోపాటు దాచుకోండి.